మీ మీద చుక్క పడకపోయినా నీళ్లొస్తాయి

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. మాది విజయవాడ సింగ్‌నగర్. నాకు 24 ఏళ్లు. గుంటూరులో బీటెక్ చదివాను, ఇప్పుడు ఇక్కడే ఉద్యోగం. కాలేజీ నాటి స్నేహితులం ఐదుగురం (ఇద్దరం అమ్మాయిలం, ముగ్గురు అబ్బాయిలు) సెప్టెంబర్‌లో ఒక శని, ఆదివారాలు చూసుకుని మారేడుమిల్లి వైపు జలపాతాలకు వెళ్దామనుకుంటున్నాం. బ్యాగులు వీపున వేసుకుని, కుదిరితే టెంటు వేసుకుని. లిస్టులో రంప, జలతరంగిణి, అమృతధార, గుడిస ఉన్నాయి. వచ్చేటప్పుడు చింతూరు, భద్రాచలం మీదుగా బొగత. ఒకడు బైకుల మీదే పోదామంటాడు. ఇంకొకడు ముత్యంధార కూడా కలపమంటాడు, అక్కడికి ఎవరూ వెళ్లరట, అందుకే మనం వెళ్లాలట. నా సందేహాలు: ఎంత బ్యాగు కొనాలి? 60 లీటర్లది సరిపోతుందా? చక్రాలున్నది పనికిరాదా? షూ ఎలాంటివి కొనాలి? ఇంట్లో అమ్మ ఒప్పుకోవడం లేదు. "జలపాతమే కావాలంటే ఎత్తిపోతల ఉందిగా" అంటుంది. 2024 వరదల్లో మూడు రోజులు మేడ మీదే ఉన్నాం, అప్పటి నుంచి నీళ్లంటే ఆమెకు భయం. ఆఫీసు వాళ్లతో అరకు వెళ్తున్నానని చెప్పి వెళ్లిపోదామా అనిపిస్తోంది. అన్నట్టు నాకు ఈత రాదు. ఆ సంగతి వాళ్లెవరికీ తెలియదు.
(పేరు రాయవద్దన్న పాఠకురాలు, విజయవాడ)

జవాబు: అమ్మాయ్, నీ ఉత్తరంలో బ్యాగు గురించి మూడు ప్రశ్నలున్నాయి. ఈత రాదన్న ముక్క చిట్టచివర్న "అన్నట్టు" అంటూ వచ్చింది. ముప్పై ఏళ్లు గుంటూరులో పిల్లల జవాబు పత్రాలు దిద్దినదాన్ని. అసలు సంగతి ఎక్కడ దాక్కుంటుందో నాకు తెలుసు. బ్యాగు దగ్గరికి తర్వాత వద్దాం.

కృష్ణ ఒడ్డున పుట్టి ఈత రానివాళ్లు మన వైపు చాలామందే ఉన్నారు. నాకూ రాదు. అయినా సంవత్సరానికి ఇద్దరు ముగ్గురు లెక్చరర్లం కలిసి పిల్లల్ని అడవులకు, వాగులకు తీసుకెళ్లి, తీసుకెళ్లిన లెక్క తప్పకుండా ఇళ్లకు అప్పగించాం. నాకు ఈత రాదని బస్సు ఎక్కకముందే అందరికీ చెప్పేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్లు. నవ్వినా, నీళ్ల దగ్గరకొచ్చేసరికి నా చెయ్యి ఒకళ్లు పట్టుకునేవాళ్లు. నువ్వు చెప్పకపోతే ఏమవుతుందో చెప్పనా? రాయి మీద నుంచున్నప్పుడు వెనకనుంచి ఒకడు సరదాగా తోస్తాడు. వాడు చెడ్డవాడని కాదు. వాడి లెక్కలో నీకు ఈత వచ్చు, అంతే.

ఈ రాత్రే మీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టు: "నాకు ఈత రాదు. మోకాలు దాటిన నీళ్లలోకి దిగను, ఫొటో కోసం కూడా దిగను. నన్ను తొయ్యొద్దు, లాగొద్దు." దీనికి ముందు సారీ, వెనక నవ్వు బొమ్మ పెట్టకు. ఐదుగురిలో ఇంకొకరికి కూడా రాదని అప్పుడు బయటపడినా నేను ఆశ్చర్యపోను.

ఈత వచ్చినవాళ్లకు కూడా ఒక మాట. కాలవలోనో, కొలనులోనో నేర్చుకున్న ఈత జలపాతం కింద అక్కరకొస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు. పైనుంచి పడే ధార నీళ్లలోకి గాలిని కలిపేస్తుంది. ఆ తెల్లటి నురగలో సగం గాలే కాబట్టి మామూలు నీళ్లు తేల్చినట్టు అవి మనిషిని తేల్చవు. పైగా ధార పడిన చోట నీరు కిందికి దిగి, ముందుకు పోయి, మళ్లీ పైకి లేచి వెనక్కి ధార వైపే తిరుగుతుంది. దాంట్లో పడ్డ కొబ్బరికాయను ఎప్పుడైనా చూడు, ఎంతసేపైనా అక్కడక్కడే తిరుగుతూ ఉంటుంది. గజ ఈతగాళ్లు కూడా అలాగే తిరుగుతారు. అంచున రాళ్ల మీది పాచి సంగతి చెప్పనక్కర్లేదు. ఎండకు పైపొర ఆరి గరుకుగా కనిపిస్తుంది, కాలు పెడితే సబ్బు.

ఇక మీరెవరూ అడగని ప్రశ్న. ఐదుగురూ కలిసి ఊళ్లు, బైకులు, బ్యాగులు అన్నీ చర్చించుకున్నారు. పైన వాన పడుతోందా అని ఎవరూ అడిగినట్టు లేదు.

నిన్ను చూసి నాకు వింతగా ఉంది తల్లీ, సింగ్‌నగర్ పిల్లవి కదా. 2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో మీ ఇంట్లోకి నీళ్లెలా వచ్చాయో గుర్తు తెచ్చుకో. విజయవాడలో వాన దంచిన మాట నిజమే. కానీ తెరిపిచ్చాక కూడా మీ వీధిలో నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి కదా? అవి మీ నెత్తిన పడ్డ నీళ్లు కావు. పైన మైలవరం వైపు కొండల్లో, వాగుల్లో పడ్డ వాన బుడమేరులోకి చేరింది, మళ్లింపు కాలవకు గండ్లు పడ్డాయి, ఆ నీరు మీ మేడమెట్ల దాకా నడిచొచ్చింది. జలపాతం దగ్గర జరిగేదీ ఇదే. తేడా ఒక్కటే. బుడమేరుకు గంటలు పట్టింది, కొండవాగుకు నిమిషాలు చాలు.

అదే నెల 22న, ఆదివారం, మీరు వెళ్దామనుకుంటున్న జలతరంగిణి దగ్గరే ఏలూరు నుంచి వెళ్లిన వైద్య విద్యార్థులు నీళ్లలో ఉండగా ప్రవాహం ఒక్కసారిగా పెరిగింది. ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నీ వయసు పిల్లలే, నీలాగే సెలవురోజు చూసుకుని వెళ్లినవాళ్లే. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాబట్టి అలా జరిగిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కళ్లెదురుగా ఉన్న నీళ్లను చూసి పైనున్న నీళ్లను ఊహించడం ఎవరికైనా కష్టమే.

నాకూ ఒకసారి ఆ ఊహ రాలేదు. పాతికేళ్ల కిందట నల్లమల అంచున ఒక వాగు. పొద్దున్న దాటేటప్పుడు పాదాలు తడిశాయి, అంతే. పదకొండు మంది పిల్లలు, నేను, దారి చూపడానికి వచ్చిన చెంచు పెద్దాయన. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అదే వాగు నడుముల్లోతున ఎర్రగా పోతోంది. మా మీద చుక్క పడలేదు, ఆకాశం అద్దంలా ఉంది. ఒక కుర్రాడు ప్యాంటు పైకి మడుస్తున్నాడు. పెద్దాయన వాడి వైపు చూడను కూడా చూడకుండా చెట్టు కింద తుండు పరుచుకుని పడుకున్నాడు. "ఇప్పుడు పోయేదేంది, పొద్దుగూకేసరికి అదే పోతుంది" అన్నాడు. మా దగ్గరున్నది ఒక సంచి మరమరాలు. నిజంగానే చీకటి పడే వేళకు నీళ్లు పిక్కల్లోకి దిగాయి. ఇంటికి రాత్రి రెండింటికి చేరాం, తల్లిదండ్రుల చేత చీవాట్లు తిన్నాను. ఆ తిట్లు ఇప్పటికీ నాకు తీపిగానే ఉంటాయి.

అందుకని కొన్ని గుర్తులు చెప్తాను, మీ ఐదుగురికీ వంటబట్టాలి. తేటగా ఉన్న నీరు మట్టిరంగు తిరుగుతుంది. ఆకులు, పుల్లలు, ఎండుకొమ్మలు కొట్టుకురావడం మొదలవుతుంది. హోరు మారుతుంది. ఇందాక మామూలుగా మాట్లాడుకున్నవాళ్లు ఇప్పుడు గొంతు పెంచాల్సి వస్తుంది. వచ్చేటప్పుడు ఆనవాలు పెట్టుకున్న రాయి మునుగుతుంది. వీటిలో ఒక్కటి కనిపించినా సెల్‌ఫోను, చెప్పులు, బ్యాగు ఏవి ఎక్కడున్నా వదిలేసి ఎత్తుకు ఎక్కండి. ఎక్కేటప్పుడు మీరు వచ్చిన ఒడ్డుకే ఎక్కండి. అవతలి ఒడ్డు దగ్గరగా ఉందని అటు పోతే ఆ రాత్రికి అక్కడే. నీళ్ల వేగం రెట్టింపయితే మనిషిని తోసే బలం నాలుగింతలవుతుంది. అందుకే మోకాళ్లలోతే కదా అని దిగినవాళ్లు కూడా నిలవలేరు.

ఎవరైనా జారి పడితే వెంటనే ఇంకొకడు దూకుతాడు, అది మన స్నేహాలకున్న జబ్బు. దూకొద్దని బయల్దేరేముందే ఒట్టు పెట్టించు. పదిహేను మీటర్ల నైలాన్ తాడు, మూత బిగించిన ఐదు లీటర్ల ఖాళీ నీళ్ల డబ్బా ఒకటి వెంట ఉంచండి. డబ్బాకు తాడు కట్టి విసిరితే దాన్ని పట్టుకుని మనిషి తేలతాడు. రెండూ కలిపినా పెద్ద బరువేమీ కాదు, మీ గ్రూపులో ఎవడో ఒకడు మోసుకొచ్చే స్పీకర్ లాంటిదే అనుకో.

ఇంకొకటి, ఇదే నాకు అన్నిటికంటే ముఖ్యం. "ఇక వెనక్కి పోదాం" అనే హక్కు ఐదుగురిలో ఎవరికైనా ఉండాలి. కారణం అడగకూడదు, ఓట్లు పెట్టకూడదు, తర్వాత నెలరోజులు ఎగతాళి చేయకూడదు. గుంపులో భయం అందరికీ వేస్తుంది, మొదట నోరు విప్పినవాడు పిరికివాడైపోతాడని అందరూ ఊరుకుంటారు. ఈ షరతు రైలెక్కకముందే పెట్టుకోండి. దీనికి ఒప్పుకోనివాడుంటే వాడితో బెంజ్ సర్కిల్‌లో టీ తాగు, అడవికి మాత్రం పోకు.

ఇప్పుడు మీ లిస్టు. రెండు రోజుల్లో ఇన్నా? మారేడుమిల్లి నుంచి ఘాట్ దిగి చింతూరు, అక్కడి నుంచి భద్రాచలం, భద్రాచలం దాటి ఇంకా 120 కిలోమీటర్లు పోతే గానీ బొగత రాదు. అది తెలంగాణలో, ములుగు జిల్లా వాజేడు మండలంలో ఉంది. అక్కడి నుంచి మళ్లీ విజయవాడ. ఆదివారం మొత్తం మీరు చూసేది జలపాతాన్ని కాదు, ముందు సీటు వెనకభాగాన్ని. బొగతను కొట్టెయ్. అది విడిగా ఒక ప్రయాణం, భద్రాచలంలో రాముణ్ణి చూసుకుని వెళ్లదగ్గ చోటు. అమ్మను తీసుకుని వెళ్లు.

ముత్యంధారను కొట్టెయ్యడం కాదు, ఆ పేజీ చించెయ్. వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గర అడవిలో చాలా లోపల ఉంది. 2023 జులైలో అక్కడికి వెళ్లిన 80 మంది దాకా పర్యాటకులు తిరిగొచ్చేసరికి దారిలో వాగు పొంగి అవతలే చిక్కుకుపోయారు. విపత్తు దళం వెళ్లి రాత్రికి రాత్రి బయటికి తీసుకురావాల్సి వచ్చింది. మీవాడు చెప్పినట్టు "ఎవరూ వెళ్లని చోటు" కాదది. చాలామంది వెళ్లారు, ఇరుక్కున్నారు, అందుకే అటవీ శాఖ వెళ్లొద్దంటోంది. అనుమతి లేకుండా అడవిలోకి పోతే కేసు కూడా పెడతారు.

మిగిలినవాటిలో మొదటిరోజు దారిలో రంప, రెండోరోజు అమృతధార. జలతరంగిణి రోడ్డుకు దగ్గర కాబట్టి ఆగి, ఒడ్డున నుంచుని చూసి రండి. గుడిస కావాలంటే అమృతధార వదులుకోవాలి. దానికి జీపు మాట్లాడుకుని చీకటితోనే లేచి పోవాలి, కొండ మీద గడ్డి, కింద మబ్బులు, ఆ వేళకు బాగుంటుంది. రెండింటిలో ఏది అని నన్నడిగితే అమృతధారే. రోడ్డు దిగి చెట్ల మధ్య నడవాలి, నీళ్లు కనిపించకముందే వినిపిస్తాయి. ఆ కాసేపటి నడక కోసమే కదా మీరు వీపున బ్యాగు వేసుకుని బయల్దేరుతున్నది. లేకపోతే కారులో పోయి రావచ్చు.

సెప్టెంబర్ అన్నావు. నేనైతే కార్తీకం దాకా ఆగుతాను. అప్పటికి పెద్ద వానలు వెనకపడతాయి, ధార ఇంకా సన్నబడదు, నీరు తేటపడి అడుగున గులకరాళ్లు కనిపిస్తాయి. ఒక్కటే చిక్కు, ఆదివారాలు వనభోజనాల బస్సులన్నీ అక్కడే ఉంటాయి. శుక్రవారం సెలవు పెట్టుకోగలిగితే శుక్ర, శనివారాలు వెళ్లండి. అక్టోబర్, నవంబర్ తుపానుల నెలలని కూడా మర్చిపోవద్దు. బయల్దేరే రోజు వాతావరణ శాఖ హెచ్చరికలో విజయవాడకు ఏముందో చూసి లాభం లేదు. మారేడుమిల్లి ఇప్పుడున్న పోలవరం జిల్లాకు (ముందు అల్లూరి సీతారామరాజు జిల్లా) ఏముందో చూడాలి. ఆరెంజ్, రెడ్ అయితే టిక్కెట్లు రద్దు చేసుకోవడమే. ఎల్లో అయితే వెళ్లండి, నీళ్లలోకి దిగకండి. అక్కడికి చేరాక టీ కొట్టు ఆయన్ను అడగండి, "పైన వాన పడిందా అన్నా" అని. ఫోనులో ఉన్న దానికంటే ఆయనకు బాగా తెలుస్తుంది.

బైకుల మాట. విజయవాడ నుంచి మారేడుమిల్లి దగ్గర దగ్గర 240 కిలోమీటర్లు. దాంట్లో హైవే మీద లారీలతో సగం ప్రాణం, ఘాట్‌లో వాన మలుపులతో మిగతా సగం పోతుంది. దిగేసరికి నడవడానికి నడుం ఉండదు. రైలెక్కండి. పొద్దున్నే ఇక్కడ బయల్దేరే రత్నాచల్ లాంటిది పట్టుకుంటే తొమ్మిది ప్రాంతంలో రాజమండ్రిలో ఉంటారు. అక్కడి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా 85 కిలోమీటర్లు, బస్సుంది. రైల్లో పేకాడుకోవచ్చు, నిద్రపోవచ్చు, బైకు మీద ఈ రెండూ కుదరవు. బైకు కుర్రాడు అలుగుతాడు. రంప దగ్గరికి వచ్చాక అలక మర్చిపోతాడు.

టెంటు సంగతి. అడవిలో నచ్చిన చోట గుడారం వెయ్యడానికి లేదు, వాగు ఒడ్డున ఇసుక మీద అసలే వద్దు. రాత్రిపూట నీళ్లొస్తే ఏ గుర్తూ కనపడదు. మారేడుమిల్లిలో అటవీ శాఖ పర్యాటక విడిదులున్నాయి, ప్రైవేటు గదులూ ఉన్నాయి. వారాంతాల్లో నిండిపోతాయి, ముందే మాట్లాడుకోండి. మందు గురించి నువ్వేమీ రాయలేదు. ముగ్గురు కుర్రాళ్లు, రెండు రోజులు, అడవి అన్నాక నేనే ఊహించుకుంటున్నాను. తాగేవాళ్లుంటే రాత్రి గదిలో, తలుపు వేసుకుని. పగలు నీళ్ల దగ్గర ఆ సీసా కనపడిందంటే, పైన చెప్పిన హక్కు వాడుకో, వెనక్కి తిరుగు.

బొంగు చికెన్ రోడ్డు పక్కనే కాలుస్తారు. వెదురు బొంగులో నూనె లేకుండా ఉడికిన మాంసం, పొగ వాసనతో. వేడిగా ఉన్నప్పుడే తినాలి, పార్శిల్ కట్టించుకుని రైల్లో తింటే ఆ రుచి రాదు. అక్కడ కొండరెడ్ల ఊళ్లుంటాయి. గుమ్మంలో కూర్చున్న ముసలమ్మను అడక్కుండా ఫొటో తీయకండి. మన సింగ్‌నగర్‌లో ఎవరో వచ్చి మీ అమ్మ పిండి కలుపుతుంటే ఫొటో తీస్తే ఎలా ఉంటుంది?

సరే, బ్యాగు. 60 లీటర్లది వారం రోజుల హిమాలయాలకు. రెండు రోజులకు 30, 35 లీటర్లు చాలు, 40 అయితే ఎక్కువే. పెద్దది కొంటే ఖాళీ ఉంది కదా అని నింపుతాం, అది మన తత్వం. నువ్వు 50 కిలోలుంటే బ్యాగు 7, 8 కిలోలు దాటకూడదు, నీళ్లతో కలిపి. నడుముకు బిగించుకునే బెల్టు ఉన్నదే తీసుకో. బరువు భుజాల మీద కాక తుంటి మీద నిలవాలి. బరువైనవి వీపుకు ఆనేట్టు మధ్యలో సర్దు, పైన తేలికవి. లోపల ముందు ఒక పెద్ద చెత్త కవరు పరిచి దాంట్లో బట్టలు పెట్టు. బ్యాగుకు పైన తొడిగే కవరు ఘాట్ వానకు ఆగదు, లోపలి కవరే కాపాడుతుంది. చక్రాల బ్యాగు గురించి అడిగావు, ఆ ప్రశ్న నేను చదవలేదనుకో.

జీన్సు వద్దు. తడిస్తే రెండు కిలోలవుతుంది, రెండు రోజులూ ఆరదు. ట్రాక్ ప్యాంట్లు రెండు, పూర్తి చేతుల చొక్కాలు రెండు, రాత్రికి ఒక జత. రాత్రి జత ఏం జరిగినా తడవకూడదు. సాక్సులు మూడు జతలు. గొడుగు అడవిలో కొమ్మలకు తగులుతుంది, పొంచో లాంటి రెయిన్ కోటు మేలు. షూ ఖరీదైనవి అక్కర్లేదు, అడుగున గాళ్లు లోతుగా ఉండాలి, కొత్తవి కాకూడదు. కొత్తవి కొంటే ఈ నెలంతా వాటితోనే తిరుగు. ఒక ఆదివారం ఐదుగురూ బ్యాగులు నింపుకుని కొండవీడు ఎక్కి దిగండి. ఎవరి షూ కొరుకుతుందో, ఎవరు అరగంటకే కూలబడతారో, ఎవరు అందరి నీళ్లూ తాగేస్తారో అక్కడే తేలిపోతుంది. గుంటూరుకు పక్కనే ఉంది. మీ ఐదుగురిలో నాయకుడెవరో కూడా ఆ మెట్ల మీదే తెలుస్తుంది, సాధారణంగా ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

ఆడపిల్లలిద్దరికీ విడిగా: దారిలో బాత్రూములు రాజమండ్రి స్టేషన్లో, తర్వాత బస చేసే చోట, అంతే అనుకోండి. అని నీళ్లు తాగడం మానేస్తారు మీరు, నాకు తెలుసు. మానొద్దు, కళ్లు తిరిగి పడతారు. నెలసరి లెక్కలో లేకపోయినా ప్యాడ్లు, కాగితపు కవర్లు, ఒక జిప్ కవరు పెట్టుకోండి. వాడినవి అడవిలో పారెయ్యకుండా వెనక్కి తెచ్చుకోవడానికే ఆ జిప్ కవరు. చిప్స్ ప్యాకెట్లకూ అదే లెక్క.

వాగు నీళ్లు తేటగా ఉన్నాయని తాగకండి, పైన పశువులు దిగుతాయి. మనిషికి రెండు లీటర్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, వేరుశనగ ఉండలు. టార్చి ఒకటి తలకు పెట్టుకునేది అయితే చేతులు ఖాళీగా ఉంటాయి. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే ఫోనులో దించుకోండి, చేతిలో నగదు ఉంచుకోండి. జలగ పట్టుకుంటే పీకొద్దు, గోరు ఆనించి పక్కకు జరిపితే ఊడుతుంది. దోమల మందు మాత్రం మర్చిపోవద్దు. అది మలేరియా ఉన్న ప్రాంతం. తిరిగొచ్చాక కొన్ని వారాలకైనా, నెలలకైనా చలితో జ్వరం వస్తే, వానలో తడిశాను కదా అని బిళ్ల మింగి పడుకోకు. డాక్టరు దగ్గరకెళ్లి, ఆయన అడక్కపోయినా "ఏజెన్సీకి వెళ్లొచ్చాను" అని చెప్పు. ఆ ఒక్క మాటతో రక్తపరీక్ష ఆ రోజే రాస్తారు.

ఇక అమ్మ. అరకు అబద్ధం నాకు నచ్చలేదు. నీతి కోసం అనడం లేదు. మీకేదైనా అయితే వెతికేవాళ్లు అరకులో వెతుకుతారు, అందుకని. మీ అమ్మ మూడు రోజులు మేడ మీద నుంచుని, కింద తన వంటింట్లో నీళ్లు చూసిన మనిషి. నీళ్లంటే ఆమెకు భయమని రాశావు. నాకైతే మీ అందరిలో నీళ్లను సరిగ్గా అర్థం చేసుకున్నది ఆమే అనిపిస్తోంది. ఆ భయం నుంచి తప్పించుకోవడం మానేసి దాన్ని వాడుకో. ఒక కాగితం మీద రాసివ్వు: ఐదుగురి పేర్లు, వాళ్ల ఇళ్ల ఫోను నంబర్లు, రైలు, బస, రాత్రి ఎన్నింటికి ఫోను చేస్తావు, ఎన్నింటి దాకా చెయ్యకపోతే ఎవరికి ఫోను చెయ్యాలి. బస చేసే చోటి వాళ్ల నంబరు, అత్యవసర నంబరు 112. "నేను నీళ్లలోకి దిగను" అని ఆమెకు చెప్పు, చెప్పాక దిగకు. చాలామంది తల్లుల్ని చూశాను, వాళ్లను భయపెట్టేది జలపాతం కాదు, మోగని ఫోను.

ఎత్తిపోతల గురించి ఆమె అన్నది కూడా తీసిపారెయ్యకు. మీ తరానికి అది చిన్నప్పుడు స్కూలు బస్సులో చూసేసిన చోటు. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి 70 అడుగుల నుంచి దూకి, కాస్త దూరం పోయి కృష్ణలో కలుస్తాయి. యతులు తపస్సు చేసిన తలం కాబట్టి యతితపోతలం, అదే ఎత్తిపోతల అయిందని అక్కడివాళ్లు చెప్తారు. ఎత్తు నుంచి పోతలా పడుతోంది కాబట్టి ఎత్తిపోతల అని నా మట్టుకు నేను అనుకుంటాను, పండితులు కోప్పడినా సరే. కింద మొసళ్ల పెంపక కేంద్రం ఉంది, అందుకే ఆ మడుగులోకి దిగాలన్న బుద్ధి ఎవరికీ పుట్టదు. ఎదురుగా గట్టు మీద నుంచుని చూడాలి, అంతే. ఈత రానివాళ్లకు అంతకంటే నిశ్చింతైన జలపాతం మన దగ్గర్లో లేదు. గుంటూరు నుంచి పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా పొద్దున పోయి రాత్రికి రావచ్చు.

మారేడుమిల్లికి ముందు ఒక ఆదివారం ఆ ఐదుగురినీ, అమ్మనూ కలిపి అక్కడికి తీసుకెళ్లు. నీ స్నేహితులు ఎలాంటివాళ్లో బస్సులో నాలుగు గంటలు పక్కన కూర్చుంటే ఆమెకు తెలిసిపోతుంది. బైకు కుర్రాడు ఆమె సంచి మోస్తే నీ పని సగం అయినట్టే. మోస్తాడు, చెప్పి చూడు.

ఈత నేర్చుకోవాలనుంటే దానికి వేరే తొందరేమీ లేదు, వచ్చే ఎండాకాలం పొద్దున్నే కొలనుకు వెళ్లు, ఊళ్లో చేర్చుకునేవాళ్లున్నారు. మారేడుమిల్లి కోసం పదిరోజుల్లో నేర్చుకుందామనుకోకు, పదిరోజుల ఈత ధైర్యాన్ని మాత్రమే ఇస్తుంది.

మొదటిరోజు మధ్యాహ్నానికి అమ్మ చేత పులిహోర కట్టించు. చింతపండుది అయితే సాయంత్రం దాకా చెడదు. నీ ఒక్కదానికే కాదు, ఐదుగురికీ సరిపడా. తాళ్లు, టార్చిలు, స్పీకర్లు అన్నీ తెచ్చే కుర్రాళ్లు అన్నం తేవడం మాత్రం మర్చిపోతారు.